నీళ్ళు ఏ వైపున ఉన్నాయి?

మన ఇళ్ళలో గోడకి ఎక్కే హక్కు ఒకప్పుడు అందరికీ ఉండేది కాదు. దేవుళ్ళకి ఉండేది. కాలం చేసిన పెద్దవాళ్ళకి, పూలదండతో పాటు ఉండేది. కొన్ని ఇళ్ళలో గాంధీకీ నెహ్రూకీ ఉండేది. కిరాణా కొట్టువాడిచ్చిన కేలండరుకి కూడా ఉండేది గానీ, అందులోనూ లక్ష్మీదేవో వెంకటేశ్వరుడో ఉంటేనే దానికి మేకు దొరికేది. ఈ బొమ్మలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం అందం కాదు. మనం వాళ్ళకి ఏదో బాకీ ఉన్నామన్న భావం. గోడ అంటే ఆ ఇంటి అప్పుల చిట్టా లాంటిది. ఎవరి వల్ల మనం ఇలా ఉన్నామో ఆ పేర్లు అక్కడ కనపడేవి.

ఇప్పుడు గోడకి వేరే వాళ్ళు వచ్చారు. "వాల్ ఆర్ట్" అని ఒక సరుకు దొరుకుతోంది. సోఫా రంగుకి నప్పాలి, గోడ ఖాళీగా కనపడకూడదు, చూసినవాళ్ళు బాగుందనాలి. ఇందులో తప్పేమీ లేదు. అందం కోసం మాత్రమే ఒక వస్తువుని ఇంట్లో పెట్టుకోగలగడం కూడా ఒక స్థాయికి వచ్చిన కుటుంబానికే సాధ్యం. నా ఇబ్బంది ఎక్కడంటే, కొన్ని బొమ్మలు ఈ రెండు జాతుల మధ్యన పడతాయి. అందం కోసం తెచ్చుకుంటాం, కానీ అవి బాకీని కూడా వెంట తెస్తాయి.

పొందూరులో మా అన్న కొడుకు పాత పెంకుటిల్లు తీసేసి డాబా కట్టాడు. హాల్లో తెల్ల గోడ మీద నాలుగడుగుల ఫ్రేము పెట్టాడు. నాగార్జునసాగర్ ఆనకట్ట, నలుపు తెలుపు స్కెచ్. ఆన్‌లైన్లో కొన్నది. బొమ్మ బాగుంది, అబద్ధం ఆడక్కర్లేదు. సన్నటి పెన్ను గీతలు, గీత మీద గీత అడ్డంగా వేసి రాతికట్టు బరువుని చూపించాడు గీసినవాడు. గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి. నీళ్ళు పడే చోట మాత్రం గీతలు ఆపేసి కాగితాన్ని అలాగే తెల్లగా వదిలేశాడు. నురగ గీయలేదు, అయినా నురగే కనపడుతుంది. అది చెయ్యి తిరిగినవాడి పని.

ఈ ఆనకట్ట గురించి మనందరికీ కొద్దో గొప్పో తెలుసు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలింది. కాంక్రీటు ముద్దలా పోసింది కాదు, రాయి మీద రాయి పేర్చి కట్టింది. ప్రపంచంలో రాతికట్టు డాముల్లో ఇంత పెద్దది మరొకటి లేదని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. 26 గేట్లు. కుడి కాలవకి జవహర్ పేరు, ఎడమ కాలవకి లాల్ బహదూర్ పేరు. యంత్రాలకంటే మనుషుల్ని ఎక్కువగా నమ్ముకుని కట్టిన డాము అది. తట్టలతో రాళ్ళు మోసిన కూలీల్లో పాలమూరు నుంచి వచ్చినవాళ్ళ సంగతి తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత చరిత్ర ఉన్న దాన్ని గోడకి పెట్టుకోవడంలో ప్రశ్న ఏముంది? నాకు మొదట తట్టినది నైతిక ప్రశ్న కూడా కాదు, చూపుకి సంబంధించిన మామూలు సంగతి. ఆనకట్ట బొమ్మ ఎప్పుడూ దిగువ నుంచే గీస్తారు. మీరు చూసిన ఏ డాము బొమ్మనైనా, ఫొటోనైనా, పోస్టల్ స్టాంపునైనా గుర్తు తెచ్చుకోండి. చూసేవాడు దిగువన, గోడకి ఎదురుగా నిలబడి ఉంటాడు. ఎందుకంటే దాని ఎత్తు దిగువ నుంచే తెలుస్తుంది. సుమారు 124 మీటర్ల గోడ అక్కడి నుంచే గోడలా ఉంటుంది. నీళ్ళు అక్కడే దూకుతాయి. ఎగువ వైపు నిలబడితే గీయడానికి ఏమీ ఉండదు. కనుచూపు మేర నీళ్ళు, చివర్న ఒక సన్నటి గట్టు గీత. బొమ్మకి పనికొచ్చే నాటకం అంతా ఒక వైపే ఉంది.

అది చిత్రకారుడి కుట్ర కాదు, కంటి స్వభావం. కానీ ఆ కంటి స్వభావం ఇంకొక దానితో సరిగ్గా కలిసిపోయింది. దిగువన ఉండేది ఆయకట్టు. లాభం దిగువన, ముంపు ఎగువన. ఆనకట్టని అందంగా చూపించే చోటూ, ఆనకట్ట వల్ల బాగుపడే చోటూ ఒకటే. నష్టానికి ఎత్తు లేదు, అది అడ్డంగా పరుచుకుని నీటి కింద ఉంటుంది. కాబట్టి మనం ఏ దురుద్దేశమూ లేకుండా, కేవలం అందం చూసి బొమ్మ ఎంచుకున్నా, ఒక పక్షాన్ని ఎంచుకున్నట్టే అయింది.

ఇక నలుపు తెలుపు సంగతి. రంగులు తీసేస్తే ఏమవుతుంది? వరద కృష్ణ ఎర్ర మట్టి రంగు పోతుంది. నల్లమల పచ్చ పోతుంది. పాచి, తుప్పు పోతాయి. వస్తువు వయసు పెరిగి హుందాగా తయారవుతుంది. నలుపు తెలుపులో పెట్టడమంటే "ఇది చరిత్ర" అని చెప్పడం. చరిత్ర అన్నాక అది అయిపోయినదని అర్థం. తాతగారి ఫొటో మీద మనం ఎలా తగువు పెట్టుకోమో, దాని మీదా పెట్టుకోం. కానీ సాగర్ అయిపోయిన సంగతి కాదు. 2023 నవంబరు ఆఖర్న ఒక అర్ధరాత్రి ఆంధ్ర పోలీసులు డాము మీదకి వచ్చి, 26 గేట్లలో సగం, అంటే 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఆ గట్టు మీద ఎదురెదురుగా నిలబడ్డారు. అంత సజీవంగా ఉన్న తగాదాని మన గోడ మీద మాత్రం తాతగారి ఫొటోలా ప్రశాంతంగా పెట్టుకున్నాం.

ఈ రకం బొమ్మలకి ప్రపంచంలో పెద్ద పూర్వీకురాలు ఒకటుంది. అమెరికాలో లైఫ్ పత్రిక 1936 నవంబరు 23న మొదటి సంచిక వేసింది. అట్ట మీద మార్గరెట్ బర్క్-వైట్ తీసిన ఫోర్ట్ పెక్ డాము నలుపు తెలుపు ఫొటో. నిజానికి అందులో ఉన్నది డాము కాదు, దాని అలుగు దగ్గరి కాంక్రీటు స్తంభాలు. కోట బురుజుల్లా ఉంటాయి. బాగా చూస్తే అడుగున ఇద్దరు మనుషులు కనపడతారు, గింజల్లాగా. వాళ్ళు ఎవరో ఆ బొమ్మకి అక్కర్లేదు. స్తంభం ఎంత పెద్దదో చెప్పడానికి వాళ్ళు అక్కడ ఉన్నారు. అంటే మనిషి ఆ బొమ్మలో కొలబద్ద. ఆశ్చర్యం ఏమంటే, అదే సంచిక లోపలి పేజీల్లో అదే ఫొటోగ్రాఫరు ఆ డాము కట్టడానికి వచ్చిన కూలీలు బతికే రేకుల ఊళ్ళనీ, వాళ్ళ సారా కొట్లనీ, వాళ్ళ పిల్లల్నీ తీసింది. మనుషులు లోపల ఉన్నారు. అట్ట మీదకి మాత్రం కాంక్రీటు వచ్చింది. ఇన్నేళ్ళుగా జనం గుర్తు పెట్టుకున్నదీ, గోడలకి పెట్టుకున్నదీ అట్టనే.

మా అన్న కొడుకు గోడ మీది స్కెచ్‌లో ఆ కొలబద్ద మనుషులు కూడా లేరు.

ఇక్కడ మా మేనత్త సంగతి చెప్పాలి. ఆవిడది పొందూరు పుట్టిల్లు. అత్తవారి ఊరు ఒక రిజర్వాయరు ముంపులో పోయింది. ఏ రిజర్వాయరు, ఏ కాలం అన్నది ఇక్కడ అనవసరం. మన వైపు ఇలాంటి ఊళ్ళకి కరువు లేదు. హిరమండలం దగ్గర వంశధార నీళ్ళు నిలపడానికి ఊళ్ళు ఖాళీ చెయ్యడం మొన్నమొన్నటి సంగతే. అత్త ఇప్పుడు కాలనీలో ఉంటుంది. గృహప్రవేశానికి వచ్చినప్పుడు ఆ సోఫాలోనే, ఆ బొమ్మకి ఎదురుగానే కూచుంది. చాలాసేపు చూసి, "బాగుంది నానా. నీళ్ళు ఏ పక్కన ఉన్నాయి?" అంది.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మా అన్న కొడుకు లేచి, నీళ్ళు పడే చోటు వేలు పెట్టి చూపించాడు. "ఇవి ఎల్లిపోయే నీళ్ళు కదా బాబూ. నిలిచిన నీళ్ళు ఏ పక్క?" అని మళ్ళీ అడిగింది. వాడు గోడ వైపు చూశాడు. నిలిచిన నీళ్ళు బొమ్మ వెనకాల ఉన్నాయి. బొమ్మ వెనకాల గోడ ఉంది.

వాడు మంచివాడు. మొహం చిన్నబోయింది. "మామ్మా, నీకు బాధనిపిస్తే తీసేస్తాను," అన్నాడు. దానికి అత్త నవ్వేసింది. "తీసెత్తే మా ఊరొచ్చెత్తాదేటి? ఉండనీ. గోడ బోసిపోద్ది," అంది.

ఈ రెండు మాటల్నీ నేను చాలా రోజులు పక్కపక్కన పెట్టి చూశాను. "నీళ్ళు ఏ పక్క?" అన్నది బొమ్మ మీద నేను విన్న విమర్శల్లో అన్నిటికంటే సూటిది. "తీసెత్తే ఊరొచ్చెత్తాదేటి?" అన్నది ఆ విమర్శ నుంచి మనలాంటివాళ్ళు తొందరపడి తీసే తీర్మానానికి జవాబు. ఎందుకంటే చదువుకున్నవాడికి ఇలాంటి చోట ఒక సులువైన దారి కనపడుతుంది. బొమ్మ తీసేసి చేతులు కడుక్కోవడం. కానీ ఆ దారి ఎక్కడికి పోతుంది?

పొందూరు మండలంలో కొంత పొలానికి మడ్డువలస కాలవ నీరు వస్తుంది. వంగర దగ్గర సువర్ణముఖి మీద కట్టిన రిజర్వాయరు అది. దాని కిందా ఊళ్ళు మునిగాయి. కొంచెం ఎగువకి వెళ్తే నాగావళి మీద తోటపల్లి. 1908లో కట్టిన పాత రెగ్యులేటరు నూరేళ్ళ పాటు ఆ చుట్టుపక్కల పొలాలకి నీళ్ళిచ్చింది. ఇప్పుడు కొత్త బ్యారేజీ వచ్చింది. మన కంచంలో అన్నం ఈ గట్ల వెనకాల నుంచి వచ్చిందే. గోడ మీది బొమ్మ తీసేసిన ఇంట్లో కూడా ఆ అన్నమే వండుతారు. అన్నం తింటూ బొమ్మని మాత్రం వద్దనడం నీతి కాదు, శుభ్రంగా కనపడాలన్న కోరిక. పైగా నష్టపోయినవాళ్ళకి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. మన మనసుకి కలిగే హాయి తప్ప.

ఇంకొకటి కూడా గమనించండి. వంద ఏళ్ళు దాటిన తోటపల్లి మన కళ్ళెదుట ఉన్నా, మా వాడికి దొరికిన "చారిత్రక ఆనకట్ట" ఎక్కడో కృష్ణ మీదది. మన పొలానికి నీళ్ళిచ్చినది గోడెక్కదు. పేరున్నది గోడెక్కుతుంది. అంటే మనం నిజంగా బాకీ ఉన్నవాళ్ళని వదిలేసి, ఎవరికో మొక్కుతున్నాం. బాకీ ఒక చోట, దండ ఒక చోట.

ఇది డెల్టాలో ఇంకా స్పష్టంగా కనపడుతుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు నందన కరువులో ఆ జిల్లాలు ఏమయ్యాయో తెలిసినవాళ్ళకి, ఆర్థర్ కాటన్ విగ్రహం ఊరూరా ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు. స్నానసంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పుకునేవారని కూడా అక్కడ కథలుగా చెబుతారు. ధవళేశ్వరం పాత ఆనకట్ట నదిని కట్టిపడేసి నిల్వ చేసే డాము కాదు. నీటి మట్టాన్ని కాస్త పైకెత్తి కాలవల్లోకి మళ్ళించే అడ్డుకట్ట. మీద నుంచి వరద పొర్లిపోయేది. నిల్వ తక్కువ కాబట్టి ముంపూ తక్కువ. కంపెనీ ప్రభుత్వానికి శిస్తు పెరిగిందన్నది నిజమే, కాటన్ పట్టుదల నిజమే, రైతు కడుపు నిండిందన్నదీ నిజమే. అక్కడ దండకీ బాకీకీ మధ్య దూరం తక్కువ. కానీ ఆ గౌరవాన్నే మనం యథాతథంగా తీసుకొచ్చి తరవాతి పెద్ద డాములన్నిటికీ తొడిగేశాం. ఆనకట్ట వేరు, జలాశయం వేరు. ఒకటి నీటిని మళ్ళిస్తుంది, రెండోది నీటిని నిలబెడుతుంది. నిలబెట్టాలంటే ఎక్కడో ఎవరి నేలనో నింపాలి.

కృతజ్ఞతకి ఒక ఇబ్బంది ఉంది. దానికి పేరు కావాలి. ఎవరికో ఒకరికి చెప్పుకుంటేనే మనసుకి తృప్తి. కట్టించినవాడికి పేరుంది, శంకుస్థాపన చేసినవాడికి శిలాఫలకం ఉంది. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు గుంపు. గుంపుకి దణ్ణం పెట్టడం కష్టం. అందుకని మన కృతజ్ఞత ఎప్పుడూ పైకే, పెద్దవాళ్ళ వైపే జారిపోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటాం కదా. అల్లుడు చేసిన కష్టం ఉండచ్చు, దానం పుచ్చుకున్నవాడి ఆకలి నిజమైనదే కావచ్చు. కానీ సొమ్ము అత్తది. పుచ్చుకున్నవాడు అల్లుడికి దణ్ణం పెట్టి వెళ్ళిపోతే, అత్త గుమ్మంలో అలాగే నిలబడి ఉంటుంది.

నెహ్రూ డాముల్ని కొత్త దేవాలయాలన్న సంగతి అందరూ చెబుతారు. అదే నెహ్రూ 1958లో, ఇంజనీర్ల సభలోనే, పెద్దవి కట్టాలన్న యావ మనకి ఒక జబ్బులా పట్టుకుందేమోనని అనుమానపడ్డాడు. ఈ రెండో మాటని ఎవరూ ఫ్రేము కట్టించుకోలేదు. అనుమానానికి గోడ మీద చోటు దొరకదు.

నాగార్జునకొండ దగ్గర ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే ఈ పేరు సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ అది. డాము నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయనంతా తవ్వారు. దొరికిన కట్టడాల్లో ముఖ్యమైనవాటిని విప్పి, కొండ మీదా, ఒడ్డున అనుపు దగ్గరా మళ్ళీ పేర్చారు. కొండ దీవి అయింది, దాని మీద మ్యూజియం వచ్చింది. శ్రీశైలం డాము కట్టినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి చేర్చారు. ఈజిప్టులో అస్వాన్ డాము కట్టినప్పుడు అబూ సింబెల్ ఆలయాల్ని బండలుగా కోసి పైకి ఎత్తారు. అక్కడే తరతరాలుగా ఉన్న నూబియా జనాన్ని కోం ఓంబో వైపు తరలించారు. ఆలయాల తరలింపు ప్రపంచమంతా తెలిసిన కథ. నూబియన్ల తరలింపు నూబియన్లకి తెలిసిన కథ.

రాళ్ళని కాపాడటం తప్పని నేను అనను. కాపాడకపోతే మనం ఈరోజు ఏడుస్తూ ఉండేవాళ్ళం. నేను చెప్పేది, ఒక వస్తువుని జాగ్రత్తగా మార్చి పెట్టాలంటే ఏం చెయ్యాలో ఆ పనిలో మనకి తెలిసిపోయిందని. ప్రతి ముక్కకీ గుర్తు వెయ్యాలి. ఏది దేని పక్కన ఉండేదో రాసుకోవాలి. కొత్త చోట అదే వరసలో పెట్టాలి. ఇంత జ్ఞానం మన దగ్గర ఉన్నప్పుడే, 1981లో శ్రీశైలం ముంపు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వందకు పైగా ఊళ్ళు. కదలని ఇళ్ళని కూల్చి మరీ జనాన్ని కదిలించారు. ఏ ఇల్లు ఏ ఇంటి పక్కన ఉండేదో, ఏ వీధి వాళ్ళు ఎక్కడికి చెదిరిపోయారో, రాళ్ళకి రాసుకున్నంత శ్రద్ధగా ఎవరూ రాసుకోలేదు. ముచ్చుమర్రి దగ్గరి సంగమేశ్వరం గుడి మాత్రం ఏటా ఎండాకాలంలో నీళ్ళు తగ్గగానే బయటికొస్తుంది. జనం వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తారు. ఊళ్ళు తేలినప్పుడు దణ్ణం పెట్టడానికి వెళ్ళేది ఆ ఊరివాళ్ళే.

ఇదంతా పొందూరులో కూచుని రాయడం వల్ల నాకు ఇంకొక ఇరకాటం ఉంది. మా ఊరు కూడా ఒక అందం మీద బతికే ఊరే. కొండపత్తి, పునాస పత్తి తెచ్చి, వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి అరటి డొప్పల్లో దాచి, ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు నూలు తీస్తారు. ఆ పంచె కట్టుకున్నవాడు తెల్లగా, హుందాగా, మనస్సాక్షి ఉన్నవాడిలా కనపడతాడు. నాయకులు అందుకే కట్టుకుంటారు. ఆ తెలుపు వెనకాల రోజంతా రాట్నం ముందు కూచునే ఆడవాళ్ళున్నారు. వచ్చే కూలి చాలక వాళ్ళ కూతుళ్ళు ఆ పీట మీద కూచోవడం మానేశారు. పంచె మడతల్లో వాళ్ళు ఎవరికీ కనపడరు. స్కెచ్‌లో గీత ఆపేసి తెల్లగా వదిలేసిన నురగ లాంటిదే ఈ తెలుపు కూడా. ఏమీ లేనట్టు ఉంటుంది, అక్కడే అంతా ఉంటుంది. అలాగని ఖద్దరు కట్టడం మానేస్తే నూలు వడికే ఆవిడకి మేలా? ఉన్న ఆ కాస్తా పోతుంది. మా అత్త మాటే ఇక్కడా వర్తిస్తుంది. విప్పేస్తే ఏమొస్తుంది?

కాబట్టి ప్రశ్న బొమ్మ ఉండాలా తియ్యాలా అన్నది కాదని నాకు తేలింది. ఇంకొకరి నష్టం మీద వచ్చిన మేలుని అనుభవిస్తున్నవాడు, ఆ మేలు అందంగా ఉంటే, దాన్ని చూసి ఆనందించవచ్చా? ఆనందించవచ్చు అనే అనుకుంటున్నాను, ఒక షరతు మీద. ఆనందం ఆ వస్తువు గురించి అబద్ధం చెప్పించుకోకూడదు. గీసినవాడు నీటిని చూపించలేదు. అది అబద్ధం కాదు, ఏ బొమ్మ అయినా ఒక వైపు నుంచే గీయాలి. అబద్ధం మొదలయ్యేది చూసేవాడి దగ్గర, రెండో వైపు అంటూ ఒకటుందని వాడు మరిచిపోయినప్పుడు.

ఇక్కడ అపరాధభావం పనికి రాదు. అది చివరికి మన గురించే మాట్లాడుతుంది: నేను ఎంత బాధపడుతున్నానో చూడు, అని. మన సంప్రదాయంలో దీనికంటే మంచి మాట ఉంది, ఋణం. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అన్నారు. వీటిలో ఏదీ డబ్బు కట్టి తీర్చేది కాదు. పుట్టడమే అప్పుతో పుడతాం. తీర్చడమంటే ఆ వరసని కొనసాగించడం, పేరు పెట్టి తలుచుకోవడం, చేతనైంది చెయ్యడం. తర్పణంలో మూడు తరాల పేర్లు చెప్పాలి, "మా పెద్దలందరికీ" అని ఒక్క మాటలో తేల్చేస్తే కుదరదు. పేర్లు గుర్తుండాలి కాబట్టే పిల్లలకి నేర్పుతారు. ముంపు ఋణం కూడా అలాంటిదే అనుకుంటే, మొదటి పని పేర్లు తెలుసుకోవడం. నా పొలానికి వచ్చే కాలవ ఏ మదుము దగ్గర మొదలవుతుంది, ఆ మదుము వెనకాల నీళ్ళలో ఏ ఊళ్ళున్నాయి, ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్ళకి ఇస్తామన్నది ఇచ్చారా. ఇది జ్ఞాపకంతో ఆగిపోయే పని కాదు. ఇవ్వాల్సింది ఇంకా ఇవ్వనప్పుడు, పేర్లు తెలిసినవాడు ఓటు అడగడానికి వచ్చినవాడిని ఆ పేర్లతో నిలదీయగలడు. పేర్లు తెలియనివాడు "నిర్వాసితుల సమస్య" అంటాడు. అవతలివాడు "పరిశీలిస్తాం" అంటాడు.

మన ఉత్తరాంధ్రలో ఈ పని చెయ్యడానికి వేరే తత్వశాస్త్రం చదవక్కర్లేదు. మన ఊళ్ళ పేర్లు చూడండి. ఆమదాలవలస. మడ్డువలస. ఎటు వెళ్ళినా వలసలే. ఎప్పుడో, ఏదో కారణానికి, ఎక్కడి నుంచో కొందరు లేచి వచ్చి అక్కడ దిగారు. కారణం మరిచిపోయాం, దారి మరిచిపోయాం. కానీ ఇక్కడివాళ్ళు ఇక్కడి వాళ్ళు కాదు, కదిలి వచ్చినవాళ్ళు అన్న ఒక్క సంగతిని ఊరి పేరులోనే పెట్టి, దస్తావేజుల్లో, రైల్వే స్టేషను బోర్డు మీద, పెళ్ళి శుభలేఖల్లో రోజూ చదువుకుంటున్నాం. అందులో ఏడుపు లేదు, అవమానమూ లేదు. ఉన్న మాట ఉంది. మడ్డువలస పేరుతో ఉన్న రిజర్వాయరే మళ్ళీ కొందరిని వలస పంపింది చూడండి. ఆ పేరు ఇప్పుడు రెండుసార్లు నిజమైంది.

ఈ మధ్య కట్టిన కాలనీలకి మాత్రం ఆ పాటి పేరు కూడా ఇవ్వట్లేదు. "ఆర్ అండ్ ఆర్ కాలనీ" అంటున్నారు, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తున్నారు. బస్సు కండక్టరు అలాగే పిలుస్తాడు, బళ్ళో హాజరు పట్టీలో చిరునామా అలాగే రాస్తారు. అక్కడ పుట్టిన పిల్లకి తన ఊరి పేరు రెండు ఇంగ్లీషు అక్షరాలు. మునిగిన ఊరి పేరే కాలనీకి పెట్టడానికి ఎకరం అక్కర్లేదు, ప్యాకేజీ అక్కర్లేదు, కోర్టు అక్కర్లేదు. ఒక తీర్మానం, ఒక బోర్డు, కొంచెం రంగు చాలు. అది న్యాయం మొత్తం కాదు, అందులో అన్నిటికంటే చవకైన భాగం. ఆ చవకైన భాగమైనా ఎందుకు జరగలేదని అడగడం, నాలుగడుగుల ఫ్రేముకి డబ్బు పెట్టగలిగిన మాలాంటి ఇళ్ళ వాళ్ళు మొదలుపెట్టవలసిన పని.